పెద్దబాపు బొటనవేలు కోసిన రొయ్య

మొన్న రాజేందర్ ఫోన్ చేశాడు. మా పెద్దబాపు కొడుకు, నాకంటే రెండేళ్లు చిన్న. పెద్దబాపు పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకం నాడు పంచిపెట్టడానికి చిన్న పుస్తకం వేయిస్తున్నారట. అందులో నేను నాలుగు మంచి మాటలు రాయాలట. "నువ్వు కథలు రాసేటిదానివి గదక్కా, నీ పేరుంటే మంచిగుంటది. రెండేండ్లు మా ఇంట్లనే ఉండి సదువుకున్నవు గద, నీకు తెల్వంది ఏముంటది" అన్నాడు. "రాస్త గని తమ్మీ, నేను రాసేది నీ పుస్తకంల పట్టదు" అన్నాను. పేజీల సంగతి అనుకుని నవ్వాడు. నేను దాన్ని సరిదిద్దలేదు. ఫోన్ పెట్టేశాక రెండు రోజులు నిజాయితీగానే వెతికాను, ఆ మనిషి గురించి ఒక్క మంచి మాట దొరుకుతుందేమోనని. దొరికిందల్లా ఒక అక్వేరియం, అందులోకి ఎవరూ పిలవకుండా వచ్చిన ఒక జీవి.

పెద్దబాపు పేరు లింబాద్రి. మార్కెట్ యార్డులో రైతులు తెచ్చిన పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. ఆ ఇంట్లో గోడలకు, తలగడలకు, తువ్వాళ్లకు, చివరికి మంచినీళ్ల గ్లాసులకు కూడా పసుపు కొమ్ముల వాసన ఉండేది. పూజగదిలో ఉండే మెత్తటి వాసన కాదది. గోనెసంచుల్లో మగ్గిన, గొంతులో గరగరలాడే మట్టివాసన. పొద్దున ఆయన గొంతు సవరించుకునే చప్పుడుతో ఇల్లు లేచేది. ఆ చప్పుడును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో పెద్దమ్మ పసిగట్టేది. హాల్లో చెక్క కుర్చీలో కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాడు. చాయ్ మీద మీగడ తేలితే ఒక్క మాటా అనకుండా కప్పును వేలితో ముందుకు నెట్టేవాడు. పెద్దమ్మ మళ్లీ పెట్టుకొచ్చేది. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు ఆయన తినేదాకా పెద్దమ్మ, నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లం. రాజేందర్ అప్పుడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు. ఆయన చూస్తే చాలు, చేతిలో పని తప్పుగా చేస్తున్నామేమో అనిపించేది. నేను అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకున్నది ఆ చూపును.

మాది మాక్లూర్ పక్క పల్లె. బాపు ఆయనకు తమ్ముడు, భూమిని నమ్ముకున్న మనిషి. డిగ్రీ చదువుతానని నేను మొండికేస్తే, "అన్న ఇంట్ల ఉండి సదువుకో, బస్సుల తిప్పలు తప్పుతయి" అని తెచ్చి దింపాడు. నేను జువాలజీ తీసుకున్నాను. పెద్దబాపు వచ్చిన ప్రతి అతిథికీ నన్ను చూపించి, "మా తమ్ముని బిడ్డ స్వరూప. నేనే సదివిపిస్తున్న" అనేవాడు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "నీళ్లు తే" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా ఉండేది కాదు.

నేను ఆ ఇంటికి వెళ్లిన ఏడాదే ఆయనకు ఉప్పునీటి చేపల పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఎవరో పెద్ద వ్యాపారి ఇంట్లో గోడంత అక్వేరియం చూసి వచ్చాడట. మామూలు బంగారు చేపలు ఊళ్లో ప్రతి వాళ్ల ఇంట్లో ఉన్నాయి, సముద్రపు చేపలు ఎవరింట్లోనూ లేవు. అదే ఆయనకు కావలసింది. అహ్మదీ బజార్ దగ్గర చేపల దుకాణం నడిపే ఖాలిద్ భాయిని పట్టుకుని నాలుగడుగుల తొట్టి చేయించి హాల్లో, తన కుర్చీకి ఎదురుగా పెట్టించాడు. "గీ పిల్ల జువాలజీ సదువుతది గద, ఇదే సూస్కుంటది" అన్నాడు. నన్ను అడగలేదు.

కాబట్టి నేనే చూసుకున్నాను. ఫిల్టరు నీళ్లు నీలం డ్రమ్ములో నింపి, ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు కలిపి, తేలే గాజు గొట్టం వేసి ఉప్పు సరిపోయిందో లేదో చూసేదాన్ని. తొట్టిలో నీరు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లే పోయాలని, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదని ఖాలిద్ భాయి నేర్పాడు. రోజూ అద్దం తుడవాలి, చేపలు తినగా మిగిలింది తీసేయాలి. కాలేజీకి వెళ్లేముందు గంట, వచ్చాక గంట. తెల్ల చారల నారింజ చేపలు రెండు, పసుపు పచ్చని చేప ఒకటి, నీలం చేప ఒకటి, శంఖంలో కాపురముండే చిన్న పీత ఒకటి, డజను నత్తలు. సాయంత్రం మార్కెట్ మనుషులు వచ్చి కూర్చుంటే పెద్దబాపు ఒక్కొక్క చేపనూ పేరుపెట్టి చూపించేవాడు. ఆ పేర్లు నేనే నేర్పాను. ఆ సంగతి ఆ గదిలో ఎన్నడూ ఎవరూ అనలేదు.

తొట్టి ఇంకా నిండుగా కనబడాలని ఆయన మరికొన్ని సముద్రపు రాళ్లు తెప్పించాడు. రంధ్రాలు రంధ్రాలుగా, ఊదారంగు పాకుడుతో ఉండే రాళ్లవి. వాటిని పెట్టిన వారానికి నత్త గుల్లలు పగిలి కనబడసాగాయి. పిండి చేసినట్టు కాదు. ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు ఒక పక్కన గుండ్రటి కన్నం, లోపల ఖాళీ. తర్వాత పీత కాళ్లు మాత్రమే మిగిలాయి. తర్వాత నారింజ చేపల్లో ఒకటి పొట్ట చిరిగి తేలింది.

ఆ సాయంత్రం హాల్లో ముగ్గురు పెద్దమనుషులున్నారు. పెద్దబాపు చచ్చిన చేపను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఏం పోసినవు నీళ్లల్ల?" అన్నాడు.

"ఏం పోయలే పెద్దబాపు. రోజు పోసేటియే."

"మరి ఉత్తగనే సస్తయా? నువ్వు రాకముందు నా ఇంట్ల ఏదన్న సచ్చిందా?"

నేను రాకముందు ఆ ఇంట్లో చేపలే లేవు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి పెద్దమ్మ అడిగింది, ఆ ముగ్గురు మగవాళ్ల ముందర: "బయటున్నప్పుడు గిన చెయ్యి వెట్టినవానె?"

నెలసరి సంగతి. పందొమ్మిదేళ్ల ఆడపిల్లను పరాయి మగవాళ్ల ముందు అడిగిన మాట. ఒకాయన చాయ్ కప్పులోకి చూశాడు, ఇంకొకాయన నవ్వు ఆపుకున్నాడు. పెద్దబాపు ఆ ప్రశ్నను ఆపలేదు. పైగా జవాబు కోసం నా వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. వెనక నుంచి ఆయన గొంతు వినబడింది: "మా తమ్మునిది గంతే. ఆని చెయ్యి పడ్డదేది బాగుపడదు. బిడ్డ కూడ గట్లనే అయింది." నా మీద మాట ఎలాగో మింగేదాన్ని. బాపు మీద పడ్డ ఆ మాటను ఇన్నేళ్లయినా మింగలేకపోయాను.

ఆ తర్వాత ఇంకో చేప పోయింది, ఇంకో మాట పడింది. పెద్దమ్మ నన్ను నెలకు ఐదు రోజులు హాల్లోకి రానివ్వడం మానేసింది. ఆ ఐదు రోజులూ తొట్టిని ఆమే తుడిచేది. ఆ రోజుల్లో కూడా గుల్లలు పగులుతూనే ఉన్నాయి. దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆమెకు గాని, ఆయనకు గాని తోచలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. కరెంటు పోయింది. ఫ్యాను, మోటారు అన్నీ ఆగాక ఇల్లంతా నిశ్శబ్దమైంది. నేను మగ్గుతో తొట్టి నీళ్లే తీసి పైనుంచి పోస్తున్నాను, చేపలకు గాలి అందాలని. అప్పుడు వినబడింది, "టక్" అని. అద్దం పగిలిందనుకున్నాను. మళ్లీ "టక్, టక్". గోరుతో గట్టిగా గాజు మీద కొట్టినట్టు. కిటికీ పరదాలు దించి, నేల మీద కూర్చుని, కదలకుండా చూశాను. చాలాసేపటికి ఒక రాతి కన్నంలోంచి రెండు కళ్లు బయటికొచ్చాయి. కాడల మీద నిలబడ్డ కళ్లు. ఒకటి నన్ను చూస్తుంటే ఇంకొకటి ఆ పక్క నత్తను చూస్తోంది. వేలెడంత ఆకుపచ్చ శరీరం మెరుపులా బయటికొచ్చి, నత్తను కొట్టి, లాక్కుని లోపలికి పోయింది. కొట్టిన చెయ్యి నాకు కనబడనే లేదు. చప్పుడు మాత్రమే వినబడింది. నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. నేను కాదు, ఇది అని గట్టిగా అరవాలనిపించింది, కాని వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మర్నాడు పగిలిన గుల్లలు రెండు కాగితంలో చుట్టుకుని కాలేజీలో మా జువాలజీ లెక్చరర్ సత్యవతి మేడం దగ్గరికి పోయాను. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. అలాంటి వాళ్లుండే చోటును మా వైపు ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. మేడం గుల్లను వెలుతురుకు పట్టుకుని చూసి, నేను చెప్పింది విని, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇది మాంటిస్ రొయ్య స్వరూపా. పేరులో రొయ్య ఉంది గాని రొయ్య కాదు, దానికి దూరపు చుట్టం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వలలో పడితే జాలర్లు చేత్తో ముట్టుకోరు, కర్రతో తీసి అవతల పడేస్తారు." తర్వాత కాగితం మీద రెండు బొమ్మలు గీసింది. "ఇందులో రెండు రకాలు ఉంటాయమ్మా. ముందరి చెయ్యికి దువ్వెన పళ్లలా ముళ్లుంటే పొడిచే రకం. ఇసుకలో బొరియ చేసుకుని చేపల కోసం కాపు కాస్తుంది. మోచెయ్యి ఉబ్బుగా, గుండ్రంగా ఉంటే పగలగొట్టే రకం. అది రాళ్ల కన్నాల్లో ఉంటుంది, ఆ కొత్త రాళ్లతోనే వచ్చి ఉంటుంది. నీ గుల్ల చూస్తే ఇది రెండోదే. చేతిమడత లోపలి వైపు ఒక మచ్చ ఉంటుంది, దాని రంగు చూస్తే ఏ జాతో ఇంకాస్త దగ్గరగా చెప్పొచ్చు. కనబడుతుందేమో చూడు. చెయ్యి మాత్రం పెట్టకు."

ఆ కాగితాన్ని నేను మడవకుండా, పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పెద్దబాపు మారిపోతాడనుకున్నాను. క్షమించు బిడ్డా అంటాడని కాదు, అంత ఆశ లేదు. కనీసం ఆ ముగ్గురు పెద్దమనుషులు మళ్లీ వచ్చినప్పుడు, చేపలను చంపింది ఈ పిల్ల కాదట అని ఒక్క మాట అంటాడనుకున్నాను. బొమ్మ చూపించి అంతా చెప్పాను. కాగితం పట్టుకోకుండానే చూశాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

"మా సత్యవతి మేడం."

"క్యాంపోళ్ల పంతులమ్మనా? నా ఇంట్ల ఏమున్నదో ఆమె చెప్తదా? నా ఇంటి ముచ్చట ఊరంత మోస్తున్నవన్నట్టు." అక్కడితో ఆ విషయం అయిపోయింది. చేపల గురించి ఇంకో మాట లేదు. ఖాలిద్ భాయికి మాత్రం కబురు పోయింది, వచ్చి దాన్ని తీసి చంపమని.

ఖాలిద్ భాయి రెండు గోలీసోడాలు, ఒక సిరంజి, బకెట్టు తెచ్చాడు. నేను చూపించిన రాయిని పైకి తీసి, బకెట్టు మీద పట్టుకుని, కన్నంలోకి సిరంజితో సోడా కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి ఊపిరాడక అది ఊడిపడింది. బకెట్టులో ఉన్న తొట్టి నీళ్లలో విల్లులా వంగి, తేరుకుని, కళ్లు రెండూ చెరోవైపు తిప్పింది. "యా అల్లా, గిది ఝింగా కాదు బేటీ, షైతాన్ ఉన్నది" అన్నాడు భాయి, రొయ్య కాదు దయ్యం అన్నట్టు. "ఇంత ఉన్నది, దీనికి షైతానా" అంటూ పెద్దబాపు వంగి, ఖాలిద్ భాయి వద్దు సేట్ వద్దు అంటున్నా వినకుండా, దాన్ని పట్టుకోబోయాడు. టక్‌మని చప్పుడైంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలు గోరు పక్కనుంచి లోపలిదాకా చీలింది, బకెట్టు అంచు మీద నెత్తురు. ఆ ఇంట్లో అంతదాకా ఎవరూ ఆయనకు ఎదురు చెప్పగా నేను చూడలేదు. నాకు లోపల ఎంత సంతోషమైందో రాయడానికి ఇవాళ సిగ్గుపడడం లేదు.

చంపేవాడే. కాని ఆ సాయంత్రమే మార్కెట్లో కథ పాకింది. లింబాద్రి సేటు వేలు కోసిన జంతువును చూడాలని జనం రావడం మొదలుపెట్టారు. కుట్లేసిన వేలు చూపిస్తూ పెద్దబాపు కొత్త పాట అందుకున్నాడు: "నేనే తెప్పిచ్చిన, సముద్రంకెల్లి. నిజామాబాద్‌ల ఎవనింట్ల లేదు." ఖాలిద్ భాయి చిన్న తొట్టి ఒకటి ఇచ్చాడు. దాన్ని పెద్ద తొట్టి పక్కనే పెట్టారు. చంపొద్దు, బాగా చూసుకో అని నాకు ఆజ్ఞ అయింది. పాత చేపల చావు ఇంకా నా మీదే ఉంది. కొత్త జంతువు గొప్ప మాత్రం ఆయనదైంది.

నేను దాన్ని ఆయన కోసం పెంచలేదు. దానికి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి, చిన్న చిన్న రాళ్లు, గుల్లల ముక్కలు వేశాను. అది ఒక్కొక్క రాయినీ చేతులతో మోసుకుని పైపు నోటి దగ్గర గోడ కట్టుకుంది. దానితో ఇంకో ప్రాణి ఏదీ ఉండకూడదు, ఉంటే తినేస్తుంది. వారానికి రెండుసార్లు మేడం బోధన్ నుంచి వస్తూ కాలువ నత్తలు, పొలం గట్టు మీది చిన్న ఎండ్రికాయలు డబ్బాలో తెచ్చిచ్చేది. గుల్ల పగలగొట్టే పని లేకపోతే దాని చేతులు పాడైపోతాయని చెప్పింది. చేపల రోగాలకు పోసే రాగి మందు ఒక్క చుక్క పడినా ఇది బతకదని కూడా ఆమే చెప్పింది. అందుకని రెండు తొట్లకూ వేర్వేరు మగ్గులు పెట్టాను. ఎండాకాలం నిజామాబాద్‌లో నల్లా నీళ్లే కాగిపోతాయి. సీసాల్లో నీళ్లు గడ్డ కట్టించి, రోజుకు మూడుసార్లు తొట్టిలో తేలేసేదాన్ని. ఫ్రిజ్‌లో సీసాలు పెట్టినందుకు పెద్దమ్మ రోజూ ఏదో ఒకటి అనేది. నేను కాలేజీ నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంటే అది పైపు నోట్లోంచి కళ్లు బయటపెట్టి చూసేది. ప్రేమ అని అనను. ఆకలి అయ్యుంటుంది. అయినా ఆ ఇంట్లో నేను వచ్చానని గమనించిన ప్రాణి అదొక్కటే.

ఏడెనిమిది నెలల తర్వాత ఒకసారి అది తిండి మానేసి, పైపు నోరు రాళ్లతో పూర్తిగా మూసుకుంది. కుబుసం విడుస్తోందని మేడం చెప్పింది. పాత పెంకు వదిలి కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, అప్పుడు ముట్టుకుంటే చచ్చిపోతుంది, వారం పది రోజులు దాని జోలికి పోవద్దు అంది. ఆ మాట పెద్దబాపుకు అదే రోజు చెప్పాను. తలూపాడు.

మార్కెట్ కమిటీలో ఏదో పదవి కోసం ఆయన తిరుగుతున్న రోజులవి. ఆ పదవి ఇప్పించగల లీడర్ ఒకాయన చాయ్‌కి వస్తానన్నాడు. వచ్చాడు, వెంట పదిమంది. హాలంతా కుర్చీలు. లీడర్ చాయ్ తాగి, "ఏదీ లింబాద్రన్న, నీ వేలు కోసిందట, సూపియ్యవా?" అన్నాడు. తొట్టిలో పైపు, రాళ్లు తప్ప ఏమీ లేదు.

"స్వరూపా, బయటికి తియ్యి" అన్నాడు పెద్దబాపు.

"ఇప్పుడు తియ్యద్దు పెద్దబాపు. కుబుసం ఇడుస్తున్నది. మెత్తగున్నది, సస్తది."

"నాలుగు దినాల సంది గదే ముచ్చట. జర తియ్యే."

"నేను తియ్య."

ఆయన లేచాడు. పరదా ఊచ ఒకటి తీసుకుని, తొట్టిలో పెట్టి, పైపు నోటి దగ్గరి గోడ కూలగొట్టి, పైపును పైకెత్తి దులిపాడు. అది జారిపడింది. తెల్లబారి, వంగి, చేతులు మడుచుకోలేక వేలాడేసుకుని అడుగుకు చేరింది. కళ్లు మాత్రం కదులుతున్నాయి. "ఇదేనా? సచ్చినట్టున్నది గదనే" అన్నాడు లీడర్. ఒకరిద్దరు నవ్వారు. పెద్దబాపు ముఖం ఎర్రబడింది. "ఏం జేద్దునన్న, గీ పిల్ల మంచిగ సూస్తలేదు. దీనికి అప్పజెప్పినయన్ని గిట్లనే సస్తయి" అన్నాడు.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నువ్వే సంపినవు పెద్దబాపు. పదిమంది సూస్తుంటె సంపినవు. అప్పటి చేపలు గూడ నేను సంపలే, అది నీకు ఎర్కనే. ఎర్కుండి నా మీద పెట్టినవు, మా బాపు మీద పెట్టినవు."

ఆయన గొంతు పెంచలేదు. "నా ఇంట్ల తినుకుంట నాకే ఎదురు మాట్లాడుతున్నవా? నడువ్" అన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

నేను స్టీలు టిఫిన్ డబ్బాలో తొట్టి నీళ్లు తీసుకుని, దాన్ని గిన్నెతో మెల్లగా అందులోకి వంచి, మూత వదులుగా పెట్టి, పుస్తకాల సంచి భుజానేసుకుని బయటపడ్డాను. బస్టాండులో బోధన్ బస్సెక్కాను. ఎక్కువ ఆలోచించలేదు. పల్లెకు పోతే బాపు మళ్లీ ఇక్కడికే తెచ్చి దింపుతాడు, నాకు తెలిసిన ఇంకో ఇల్లు మేడం వాళ్లదే. డబ్బా ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. ఎడపల్లి దాటాక మూత తీసి చూస్తే కళ్లు కూడా ఆగిపోయాయి. రోడ్డుకు రెండు వైపులా చెరుకు నరుకుతున్నారు, బండ్లు ఎదురొస్తున్నాయి, బస్సులో ఎవరో మరాఠీలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నేను ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మేడం దాన్ని తెల్ల పళ్లెంలో పెట్టి, దీపం దగ్గరకు జరిపి, పట్టకారుతో ముందరి చెయ్యి విప్పింది. లోపలి వైపు ఊదారంగు మచ్చ. ఎనిమిది నెలలు కనబడని మచ్చ, ఇప్పుడు అడ్డం లేకుండా కనబడింది. పుస్తకం తెరిచి చూసి, మూసి, "మనం అనుకున్న పగలగొట్టే రకమే స్వరూపా, ఇప్పుడు జాతి కూడా తెలిసింది" అంది. కాలేజీ ల్యాబులో దాన్ని సీసాలో పెట్టి, కింద పొడుగాటి పేరు రాసి, సేకరించినవారు అన్న చోట నా పేరు రాసింది. నాకు ఆ గౌరవం అక్కర్లేకపోయింది. అది బతికి ఉంటే చాలనుకున్నాను.

మూడో రోజు బాపు వచ్చాడు. మేడం వాళ్ల వరండాలో చెప్పులు విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. "పెద్దోడు బిడ్డా. కాళ్లు మొక్కితే ఏం పోతది? ఒక్క మాట, అయిపోతది" అన్నాడు. ఆయన నీ గురించి ఏమన్నాడో తెలుసా బాపు అని అడిగి, ఆ మాట చెప్పాను. "అన్న గదా, అంటడు" అన్నాడు బాపు. నేను రానన్నాను. ఆయన ఒక్కడే నిజామాబాద్ పోయి నా బదులు తనే కాళ్లు మొక్కి వచ్చాడు. అది నాకు నెల తర్వాత తెలిసింది. ఆ ఒక్క పనికి బాపుతో నేను ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. పల్లె నుంచి రోజూ రెండు బస్సులు మారి డిగ్రీ పూర్తి చేశాను.

ఇప్పుడు నేను బోధన్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మేము ఒక కాగితం బొమ్మతో, నెలల తరబడి ఓపికతో తెలుసుకున్నదాన్ని నా విద్యార్థులు ఫోన్లో ఫోటో తీసి నిమిషంలో పేరు చెప్పేస్తారు. ఆ జీవి ఎలా కొడుతుందో వేగం తగ్గించి చూపించే వీడియోలు వాళ్లే నాకు చూపిస్తారు. మంచిదే. కాని ఆడపిల్ల మీద ఇంట్లో పడ్డ నింద అంత త్వరగా తేలే రోజు మాత్రం ఇంకా రాలేదు. క్లాసులో ఎవరైనా అమ్మాయి ముఖం ముడుచుకుని కూర్చుంటే, ఏమైందని అడగబోతే నాకు ఇప్పటికీ ఆ హాలే గుర్తొస్తుంది. అప్పటి మనుషులు మంచివాళ్లు, ఇప్పటివాళ్లు కాదు అని నా వయసు వాళ్లు అంటుంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. అప్పటి మనుషులను నేను దగ్గరనుంచి చూశాను.

పెద్దబాపు పోయాక, పదకొండో రోజు అయ్యాక, పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాను. బాపు బతిమాలితే వెళ్లాను. హాల్లో ఆమె ఒక్కతే, ఆయన కుర్చీలో కాదు, దాని పక్కన నేల మీద కూర్చుని ఉంది. రాజేందర్ బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కాసేపు ఏదేదో అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"ఆ టక్ టక్ సప్పుడు నీకంటె ముందే ఇన్న బిడ్డా. నువ్వు కాలేజికి పోయినప్పుడు. రాళ్లల్ల ఏదో ఉన్నదని నాకు ఎర్కనే ఉండె."

"మరి అందరి ముందట నన్ను గా మాట అడిగినవు" అన్నాను.

"అడగకపోతె నన్నంటుండె. నువ్వు రాకముందు అన్ని నా మీదనే వడుతుండె. నువ్వైతె ఎప్పటికన్న పోతవు. నేనేడికి పోవాలె?"

జాలి పడాల్సిన చోటు అదేనని నాకు తెలుసు. కథ రాస్తే అక్కడ ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని. పట్టుకోలేదు. ఆ ముగ్గురు మగవాళ్ల ముఖాలే కళ్ల ముందున్నాయి. "గిప్పుడన్న చెప్పు పెద్దమ్మా. ఆయన లేడు గద. రాజేందర్‌ను పిలుస్త, వాని ముందట ఒక్కసారి చెప్పు" అన్నాను. ఆమె జవాబు ఇచ్చేలోపే పిలిచాను.

రాజేందర్ లోపలికి వచ్చి, "ఏందమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా వైపు చూడలేదు. "ఏం లేదు బిడ్డా," అంది, "అక్క పోతనంటున్నది. చాయ్ తాగి పొమ్మంటున్న."

నేను చాయ్ తాగకుండానే లేచి వచ్చాను.